ముక్త రాసిన 'మేము': పూనా బాలికల బడి చరిత్రను ఎట్లా చదవాలి?

బాలికల బడుల శతజయంతి సంచికలు మేము చాలానే తిరగేశాం. పాత పుస్తకాల అంగట్లోనో, రిటైరైన ఏ టీచరమ్మ ఇంట్లోనో దొరుకుతాయి. అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ముందు దాత ఫోటో, ఆ వెనక వరసగా హెడ్మిస్ట్రెస్సుల ఫోటోలు, పదో తరగతి పాస్ శాతాలు, డాక్టర్లో ఆఫీసర్లో అయిన పూర్వ విద్యార్థినుల పేర్లు. బడి ఊడ్చిన ఆయమ్మ పేరు వెతికితే దొరకదు. హాస్టల్ నుంచి నడిచొచ్చి చివరి బెంచీలో కూర్చున్న పిల్ల పేరు అసలే దొరకదు. ఆ పిల్లలు తమ నోటు పుస్తకాల్లో ఏం రాసుకున్నారో చెప్పే పేజీ ఒక్క సంచికలోనూ మాకు కనబడలేదు.

మన బడుల చరిత్ర మనం రాసుకున్నప్పుడైనా ఈ పద్ధతి మారిందా? మారలేదనే చెప్పాలి. పూనాలో జోతీరావు, సావిత్రీబాయి ఫూలేలు నడిపిన బాలికల బడిని మనం కూడా ఒక సంచికగా మార్చేశాం. ప్రతి జనవరి 3న పటానికి దండ వేస్తాం. ఆమె బడికి పోతుంటే పేడా రాళ్లూ విసిరారని, సంచిలో ఇంకో చీర పెట్టుకుని పోయేదని చెబుతాం. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఆ తేదీని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. మంచిదే. పూనా విశ్వవిద్యాలయానికి 2014లో ఆమె పేరు పెట్టారు. అదీ మంచిదే. అయితే చీర మార్చుకుని లోపలికి పోయిన ఆ టీచరు ఆ రోజు ఏం పాఠం చెప్పింది, ఎదురుగా కూర్చున్న పిల్ల ఏం నేర్చుకుంది అనే ప్రశ్న మన సభల్లో ఎవరూ అడగరు. పంతులమ్మ చీర మీద పేడ గురించి వందసార్లు విన్నాం. పిల్ల పలక మీద అక్షరం గురించి ఒక్కసారీ వినలేదు.

అందుకని ఆ బడి చరిత్రను పిల్ల వైపు నుంచి చదవాలని ఇక్కడ ప్రయత్నిస్తున్నాం. పిల్ల రాసింది ఒకటి మిగిలింది కాబట్టే ఇది సాధ్యమవుతోంది. 1855లో ముక్త అనే మాంగ్ కులపు అమ్మాయి రాసిన వ్యాసం అది. ఆమెను ముక్తాబాయి అని, ముక్తా సాళ్వే అని కూడా అంటారు. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లని కొందరు, పదకొండేళ్లని కొందరు రాశారు. మాంగ్ మహార్ల దుఃఖం గురించి రాసిన ఆ వ్యాసం అమెరికన్ మిషనరీల మరాఠీ పత్రిక 'జ్ఞానోదయ'లో ఫిబ్రవరి 15, మార్చి 1 సంచికల్లో రెండు భాగాలుగా అచ్చయింది.

ముందు బడి సంగతి కొంచెం. 1848లో బుధవార్ పేటలోని భిడే వాడాలో మొదటి బడి మొదలైంది. అది నిండా ఏడాది కూడా సాగలేదు. కోడలు పాఠాలు చెప్పడం చూసి కులపెద్దలు జోతీరావు తండ్రి మీద ఒత్తిడి పెట్టడం, ఆయన కొడుకునూ కోడలినీ ఇంట్లోంచి పొమ్మనడం 1849లో జరిగాయి. వాళ్లకు చోటిచ్చింది ఉస్మాన్ షేక్ ఇల్లు. ఆ ఇంటి ఫాతిమా షేక్ సావిత్రీబాయికి తోడుగా పనిచేసింది. 1856 అక్టోబరులో పుట్టింటి నుంచి సావిత్రీబాయి భర్తకు రాసిన ఉత్తరంలో, తాను లేకపోవడం వల్ల ఫాతిమా మీద పని భారం ఎంత పడుతోందో అని బాధపడింది. ఈ మధ్య ఫాతిమా అసలు ఉందా అని కొందరు సందేహాలు లేవదీస్తున్నారు. ఆ ఉత్తరం చదివి మాట్లాడితే బాగుంటుంది. 1851 జులై 3న చిప్లూంకర్ వాడాలో బడి మళ్లీ మొదలైంది. సెప్టెంబరులో రాస్తా పేటలో రెండోది, 1852 మార్చిలో వేతాళ పేటలో మూడోది. 1852 నవంబరు 16న విశ్రాంబాగ్ వాడాలో మేజర్ క్యాండీ చేతుల మీదుగా సర్కారు జోతీరావుకు శాలువా కప్పింది. సర్కారు బళ్లలో చదివే మగపిల్లల కన్నా ఈ బళ్లలో ఆడపిల్లలు పదింతలున్నారని అదే ఏడాది ఒక ఇంగ్లీషు పత్రిక రాసింది. పదింతలనేది పత్రికవాళ్ల ఉత్సాహమే కావచ్చు గానీ, ఊరు ఎంత ఉలిక్కిపడిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

సంచికలు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 1848 నాటి మొదటి తరగతిలో ఆరుగురు ఆడపిల్లలున్నారని చెబుతారు. చరిత్రకారులు ఇచ్చే పేర్లను బట్టి వాళ్లలో నలుగురు బ్రాహ్మణులు, ఒకరు మరాఠా, ఒకరు ధన్‌గర్. మాంగ్ పిల్ల లేదు, మహార్ పిల్ల లేదు. జోతీరావు 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన నివేదనలో తన బళ్లను రెండు వరసలుగా లెక్కగట్టాడు. ఒక వరస బాలికల బళ్లు. ఆ తర్వాత ఏడాదికి పెట్టినవి కింది కులాలకు, ముఖ్యంగా మహార్ మాంగ్‌లకు, ఆడా మగా కలిసి చదివే బళ్లు. అంటే 'బాలిక' అన్న మాట ఊళ్లో పలికినప్పుడు అందులో ముక్త లేదు. ఆమె మహార్ మాంగ్‌ల లెక్కలో ఉంది. దీనికి ఫూలే దంపతులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ ఊళ్లో రెండు వరసలూ నిలబెట్టిన వాళ్లే వాళ్లు. మా తగాదా ఇవాళ్టి రాతలతో. దేశంలో మొదటి బాలికల బడి సాధించిన విజయాల జాబితాలో ముక్త వ్యాసాన్ని చివర్న ఒక ముత్యంలా పొదుగుతారు. ఆ పిల్ల ఏ వరసలోంచి వచ్చిందో మాత్రం చెప్పరు. స్త్రీవిద్య అనే ఒకే పద్దు కింద రాసేస్తే కులం ఎగిరిపోతుంది. దళిత విద్య అనే పద్దు కింద రాసేస్తే ఆడపిల్ల ఎగిరిపోతుంది. 1990లలో మన ఆడవాళ్లు అటు స్త్రీవాదులతోనూ ఇటు దళిత నాయకులతోనూ పడ్డ పేచీ ఇదే గదా!

ఇక వ్యాసంలోకి పోదాం. మూడేళ్లు చదువుకున్న పిల్ల రాసింది అని మెచ్చుకోలుగా చెబుతుంటారు. మెచ్చుకోలు పక్కన పెట్టి వాదం ఎట్లా కట్టిందో చూడాలి. వేదాలు మావే, మేమే చదవాలి అని బ్రాహ్మణులు అంటారు. సరే, మీవే అనుకుందాం అంటుంది ముక్త. మీవే అయితే మాకు గ్రంథం లేనట్టే. గ్రంథం లేకపోతే మతం లేనట్టే. మతం లేనివాళ్లం ఏ మతం ప్రకారం నడుచుకోవాలి? దేవుడా, మా మతం ఏదో నువ్వే చెప్పు అని నేరుగా నిలదీస్తుంది. ఒక్కడు అనుభవించి మిగతావాళ్లంతా మొహాలు చూస్తూ కూర్చోవాల్సిన మతం భూమ్మీద లేకుండా పోవాలనీ, అట్లాంటి మతం మాదని గర్వపడే ఆలోచన కూడా తమకు రాకూడదనీ కోరుకుంటుంది. ఎదుటివాడి మాటనే పట్టుకుని ఒక్కో మెట్టూ కిందికి దించి, చివర్న వాడి ఇల్లే కూల్చే పద్ధతి ఇది. ఎక్కడా ఏడుపు లేదు. 'దుఃఖం గురించి' అని పేరుంది కాబట్టి దీన్ని శోకగీతంలా చదువుతున్నారు. మా దృష్టిలో ఇది తర్కం. మొదట తర్కం చేసి, ఆ తర్వాతే దుఃఖానికి సాక్ష్యాలు తెస్తుంది.

ఆ సాక్ష్యాలు చూడండి. భూముల నుంచి తరిమేసి అక్కడ మేడలు కట్టుకున్నారు. మాంగ్ మహార్లకు నూనె, సిందూరం పూసి ఆ మేడల పునాదుల్లో పూడ్చారు. బాజీరావు పాలనలో తాలీంఖానా ముందు నుంచి మాంగో మహారో నడిచిపోతే తల నరికి, కత్తి బ్యాటుగా, తల బంతిగా ఆడారు. చదువు వచ్చని తెలిస్తే శిక్ష. ఇవి ఆమె కళ్లతో చూసినవి కావు. పీష్వాల రాజ్యం 1818లో పోయింది. ఆమె రాసింది 1855లో. నడుమ 37 ఏళ్లు. మరి ఎక్కడివి? వాడలో అవ్వలు, తాతలు చెప్పినవే అయ్యుండాలి. ఏ పాఠ్యపుస్తకం లోనూ లేని చరిత్రను ఆ పిల్ల బడికి మోసుకొచ్చి కాగితం మీద పెట్టింది. బడి ఆమెకు చరిత్ర చెప్పిందో లేదో గానీ, ఆమె మాత్రం బడికి చరిత్ర చెప్పింది. మౌఖిక చరిత్ర అని ఇవాళ మన పరిశోధకులు సెమినార్లు పెట్టి మాట్లాడుకునే పని ఇదే.

బాజీరావు గురించి రాసిన భాగాన్నే అందరూ ఎత్తి చూపిస్తారు. మాకు ఇంకొక చిన్న భాగం ఎక్కువ ముఖ్యమనిపించింది. ఆడవాళ్ల పురుళ్ల గురించి రాసిన మాటలు. నెత్తి మీద కప్పు లేని చోట, వానలో చలిలో పిల్లల్ని కనే తమ ఆడవాళ్ల బాధ చెప్పి, మీ ఇళ్లల్లో జరిగే పురుళ్లతో పోల్చి చూసుకోండని బ్రాహ్మణులను అడుగుతుంది. ఆ తర్వాత, రాళ్లు విసిరి దెబ్బలు తగిలించిన బ్రాహ్మణ పిల్లల మీద ఫిర్యాదు కూడా చెప్పుకోలేని సంగతి. ఎందుకు చెప్పుకోలేరంటే, సాయంత్రం మిగిలిన అన్నం కోసం వాళ్ల ఇళ్లకే పోవాలి. కులం గురించి సిద్ధాంతాలు చాలా చదివాం. దెబ్బ తిన్నవాడి నోరు ఎట్లా మూతపడుతుందో, ఆ మూతకు అన్నం గిన్నెతో ఉన్న లంకె ఏమిటో ఇంత తక్కువ మాటల్లో చెప్పిన రాత అరుదు. ఇది మగవాడు రాయని భాగం. ఆడపిల్లను బడికి పంపినందువల్ల వచ్చిన భాగం. ఆ బడి సాధించినది ఏమిటని ఎవరైనా అడిగితే మేము ఈ భాగం చూపిస్తాం.

ఇక్కడ వ్యాకరణం ముచ్చట ఒకటి తేవాలి. మంచి బడి అంటే వ్యాకరణం చెప్పే బడి అని ఒక పాత నమ్మకం. ఇంగ్లండులో అయితే బడికే గ్రామర్ స్కూల్ అని పేరు పెట్టుకున్నారు. 1944 విద్యా చట్టం తర్వాత చాలా చోట్ల పదకొండేళ్లకే పరీక్ష పెట్టి పిల్లల్ని వడగట్టి మరీ అందులో చేర్చుకున్నారు. మన తెలుగులో, ముక్త వ్యాసం అచ్చయిన మూడేళ్లకు, 1858లో, చిన్నయసూరి 'బాలవ్యాకరణం' వచ్చింది. పేరులో బాలలున్నారు. ఏ బాలలు? అందులో నామవాచకాల విభజన గుర్తు చేసుకోండి. ఆడవాళ్లను, పశుపక్ష్యాదులను, ప్రాణం లేని వస్తువులను తీసేయగా మిగిలినవి మహత్తులు. ఆడవాళ్లకు మహతి అని వేరే అర ఒకటి ఉంది గానీ, ఏకవచనంలో క్రియ దగ్గరికి వచ్చేసరికి మనిషీ బర్రే ఒకటే. 'అమ్మ వచ్చింది', 'బర్రె వచ్చింది'. ఇది చిన్నయసూరి కల్పించిన సంగతి కాదు, మన భాషలో ఉన్నదే. ఆయన దానికి పేర్లు పెట్టాడు. ఆ పేర్లు పెట్టిన తీరులో ఎవరు మహత్తో తెలిసిపోతుంది. ఇంక దళితుల దగ్గరికి వస్తే, మగవాడికి కూడా ఊళ్లో మహద్వాచకం దక్కలేదు. ముసలాయన్ని పట్టుకుని 'ఒరేయ్' అన్నవాడిది మన వ్యాకరణమే. మమ్మల్ని పశువుల కన్నా హీనంగా చూస్తున్నారని రాసిన ముక్తకు ఈ విభజన ఎవరూ పాఠంగా చెప్పనక్కర్లేదు.

ఈ వ్యాసం మన దాకా వచ్చిన దారి కూడా హైదరాబాదు మీదుగానే. సూసీ తారూ, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో మాయా పండిట్ ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. మరాఠీ రాని మాలాంటి వాళ్లు చాలామంది మొదట చదివింది ఆ ఇంగ్లీషులోనే. ఆ పనికి మనం రుణపడి ఉన్నాం. అయితే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చుకోబోతే మొదటి వాక్యాల్లోనే కాళ్లు తడబడతాయి. ఇంగ్లీషులో ఉన్నది ఒకే ఒక్క 'వీ'. మనకు 'మేము' ఉంది, 'మనం' ఉంది. మరాఠీలోనూ ఆ రెండూ వేరువేరు మాటలు. దేవుడితో మాట్లాడేటప్పుడు ముక్త 'మేము' అనాలి. బ్రాహ్మణులతోనూ 'మేము'. చివర్న మాంగ్ మహార్లవైపు తిరిగి, జ్ఞానం అనే మందు తింటేనే ఈ రోగం కుదురుతుందని చెప్పే చోట 'మనం' అనాలి. మరి మధ్యలో ఒక చోట ఉంది, అక్కడ ఏమనాలి?

ఆ చోటు ఏదంటే, మహార్ల గురించి ఆమె రాసిన నాలుగు మాటలు. బ్రాహ్మణుల గుణం మహార్లకూ పట్టిందని, మాంగ్‌ల కన్నా తాము ఎక్కువ అనుకుంటారని, మాంగ్ నీడ పడినా మైల అనుకుంటారని రాసింది. పేరులో రెండు కులాలనూ కలిపి రాసిన పిల్ల, లోపల ఆ కలయికలోని పగులునూ రాసింది. మన సభల్లో ఈ వ్యాసాన్ని చదివి వినిపించేటప్పుడు సరిగ్గా ఈ మాటలు తప్పిపోతుంటాయి. 'సమయం లేక కుదించాం' అంటారు. ఎప్పుడూ అక్కడే సమయం చాలదు ఎందుకో!

ఇది మనకు పక్క రాష్ట్రం ముచ్చట కాదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు వచ్చిన నిందలు గుర్తున్నాయి గదా. దళిత ఐక్యత చీలుస్తున్నారు, ఎవరో వెనక నుంచి ఆడిస్తున్నారు అని. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని తీర్పిచ్చింది. ఈ ముప్పయ్యేళ్లలో మాల మాదిగల మధ్య 'మనం' అన్న మాట ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు ముడిపడిందో చూసినవాళ్లం మనం. ముక్త పగులును దాచకుండా చెప్పి, ఆ తర్వాత కూడా ఇద్దర్నీ ఒకే పిలుపుతో పిలిచింది. పగులు చెబితే ఐక్యత పోతుందన్న వాదన ఆమెకు తట్టలేదు. మహార్ల గురించి రాసిన చోట 'మేము' అంటే మాంగ్‌లం మాత్రమే. చివర్న 'మనం' అంటే ఇద్దరమూ. తెలుగు అనువాదంలో ఈ తేడా కనబడాలి. అంతటా 'దళితులం' అని పెట్టేస్తే వ్యాసాన్ని మనమే చంపినట్టు. ఆ మాట 1855లో ఆమె వాడినది కాదు కూడా.

ఇంకొక భాగం కూడా మనవాళ్లకు ఇబ్బందిగానే ఉంటుంది. ఇంగ్లీషు దొరతనం వచ్చాక ఈ దుర్మార్గాలు తగ్గాయని, ఇప్పుడు పునాదుల్లో పూడ్చడం లేదని ముక్త సంతోషపడుతుంది. జాతీయోద్యమ చరిత్ర చదువుకున్న టీచర్లు ఇక్కడ గొంతు సవరించుకుంటారు. పాపం చిన్నపిల్ల, మిషనరీ పత్రిక, అని సర్ది చెబుతారు. మేము సర్ది చెప్పము. ఆమె పోలిక స్వరాజ్యానికీ పరాయి రాజ్యానికీ మధ్య కాదు. తల పోయే రాజ్యానికీ తల ఉండే రాజ్యానికీ మధ్య. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. భూముల నుంచి తరిమేశారని రాసిన ఆమె, ఆ భూములు కొత్త సర్కారు తిరిగి ఇచ్చిందా అని అడగలేదు. ఆ ప్రశ్న ఆ వ్యాసంలో లేదు. జోతీరావు తర్వాతి రాతల్లో రైతు పక్షాన ఆ సర్కారును నిలదీయడం వచ్చింది. ముక్తకు అంత వ్యవధి దొరకలేదు. ఆమె రాసిన రెండో వ్యాసం ఏదీ మనకు అందలేదు.

ఆడపిల్లల చదువు ఆ తర్వాత ఏ దారి పట్టిందో కూడా చూడాలి. 1884లో రానడే, భండార్కర్ లాంటి పెద్దలు పూనాలోనే బాలికలకు హైస్కూలు పెట్టారు. హుజూర్‌పాగా అని పేరు. ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర చెబుతుంటే తిలక్ తన పత్రికల్లో విరుచుకుపడ్డాడు. ఆడపిల్లలకు అంతసేపు బడి ఏమిటి, ఆ పాఠాలు ఏమిటి, ఇంటిపనికి పనికొచ్చేవి నేర్పండి అన్నాడు. పెట్టినవాళ్లకూ వద్దన్నవాళ్లకూ మధ్య ఆ తగాదా నిజమైనదే. కానీ రెండు పక్షాలూ మాట్లాడింది ఒకే ఇంటి ఆడపిల్ల గురించి. మన వైపు వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టాడు. 1883లో ఆడపిల్లల కోసం 'సత్యవతీ చరిత్రము' రాశాడు. చదువుకున్న కోడలు ఇల్లు చక్కదిద్దే కథ. చదువు ఇంటికి మేలు చేస్తుందని ఒప్పించడానికి ఆయనకు ఆ కథ కావాల్సి వచ్చింది. ముక్త ఎవరినీ అట్లా ఒప్పించలేదు. ఆమెకు చక్కదిద్దాల్సిన ఇల్లే లేదు, కప్పు లేదని రాసుకుంది గదా.

హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910లో ఈసామియా బజారులో బడి మొదలుపెట్టి, ఆ తర్వాత ఎన్నో బళ్లు నడిపాడు. ఆ బళ్లలో ఆడపిల్లలు ఏం రాశారో వెతికినవాళ్లు ఎంతమంది? 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి దళిత స్త్రీల రాతలను ఏరి తెచ్చింది. బడి పక్షాన ఎవరూ చేయని పని అది. రాసినవాళ్ల పక్షాన నిలబడి చేసింది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ ఫోటో ఇవాళ ప్రతి గురుకులం గోడ మీదా ఉంది. ఉండాల్సిందే. ఆ గోడ కింద కూర్చుని తెలుగు పరీక్షలో 'నా గ్రామం' అని వ్యాసం రాసే పిల్ల ఊళ్లో తన వాడ ఎక్కడుందో రాస్తే, టీచరు ఎర్ర సిరాతో దాన్ని కొట్టేసి 'మా ఊరు పచ్చని పైర్లతో' అని మొదలుపెట్టమని చెప్పడం మాకు తెలుసు. మాలో కొందరం అట్లా కొట్టివేత తిన్నవాళ్లం. మార్కులు పోయాయి. కొట్టేసిన టీచరు మంచి టీచరే, ఆ మాటా చెప్పాలి.

భిడే వాడాను 2023 డిసెంబరులో కూల్చారు. ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచిన తగాదా సుప్రీంకోర్టులో తేలాక, స్మారకం కట్టడానికి. స్మారకంలో సావిత్రీబాయి, జోతీరావుల విగ్రహాలు ఉంటాయి, సందేహం లేదు. ఫాతిమాకు ఎంత చోటిస్తారో చూడాలి. మేము అడిగేది మాత్రం ఒక గోడ. ఆ గోడ మీద ముక్త వ్యాసం మొత్తం, మహార్ల గురించి రాసిన నాలుగు మాటలు కూడా తీసేయకుండా, చిన్నపిల్లల కళ్లకు అందే ఎత్తులో చెక్కించాలి. తెలుగులో మరాఠీ నుంచి నేరుగా అనువాదం చేయగలిగిన మిత్రులెవరైనా ఉంటే మాకు రాయండి. 'మేము' ఎక్కడ, 'మనం' ఎక్కడ అన్నది కూర్చుని తేల్చుకుందాం.